ఒక్క కీలు వాపు, 4వ పాఠం: యూరిక్ యాసిడ్ చూసి బోల్తా పడకండి

పోయిన పాఠం చివర ఇచ్చిన కేసు గుర్తుందిగా: 62 ఏళ్ల మనిషి, రెండు రోజులుగా కుడి మోకాలు వాచి ఎర్రబడింది, జ్వరం లేదు, యూరిక్ యాసిడ్ 8.4 mg/dL, అంటే మామూలు కంటే ఎక్కువ. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే మాట: గౌట్, అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పేరుకుని వచ్చే వాపు. కొందరు మందు కూడా రాసేశారు. అందుకే ఈసారి అనుకున్న ఎక్స్‌రే పాఠం వాయిదా.

8.4 అన్నది రక్తంలో లెక్క. మోకాల్లో ఏముందో దానికి తెలియదు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వాళ్లలో చాలామందికి గౌట్ ఎప్పటికీ రాదు. గౌట్ రేగి ఉన్నప్పుడేమో ఆ అంకె మామూలుగానే ఉండొచ్చు. తగ్గిన రెండు వారాలకు మళ్లీ చూస్తే పెరిగి కనిపిస్తుంది. ఎక్కువున్నా తేలదు, తక్కువున్నా తేలదు. మరి జ్వరం లేదు కదా అంటారా? కీలులో చీము పట్టిన వాళ్లలోనూ చాలామందికి జ్వరం ఉండదు.

కొత్తగా, వేడిగా, ఒక్క కీలే వాచిందంటే, సూదితో కీలులోని నీరు తీసి చూసేదాకా అది ఇన్ఫెక్షనే అనుకోండి. స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది.

వాపు కీలు లోపలిదా, బయటిదా అన్నది 1వ పాఠంలోనే అయిపోయింది, మళ్లీ చెప్పను. నీరు తీశాకే యాంటీబయాటిక్. సెల్యులైటిస్ (చర్మానికి పట్టిన ఇన్ఫెక్షన్) ఉన్న చోట చర్మం గుండా సూది దించకండి. కృత్రిమ కీలైతే ఆర్థోపెడిక్ వాళ్లకు వదిలేయండి. మోకాలికి నా ఇష్టం బయటి వైపు నుంచి, చిప్ప పై అంచు దగ్గర, చిప్ప అడుగుకు, 18 గేజ్ లావు సూదితో. సన్న సూదిలోకి చిక్కటి చీము ఎక్కదు. ఒక్క చుక్కే వచ్చిందా, అది కల్చర్‌కే (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్ష). ఇంకా వస్తే కణాల లెక్కకు ఈడీటీఏ ట్యూబు (గడ్డకట్టనివ్వనిది), ఆపైన స్ఫటికాల పరీక్ష.

తెల్లకణాలు మైక్రోలీటరుకు 2,000 లోపుంటే సాధారణంగా అరుగుదల. 50,000 దాటి, వాటిలో న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే రకం) 90 శాతం పైనుంటే ఇన్ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. ఇవి గోడలు కావు: గౌట్ కూడా 50,000 దాటగలదు, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషిలో చీము అంతకు లోపే ఉండిపోగలదు. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి బ్యాక్టీరియాను మైక్రోస్కోపులో వెతికే పరీక్ష) ఏమీ కనబడకపోతే ధీమా పడకండి, అది సగం కేసుల్ని వదిలేస్తుంది. సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలు కనిపించినా కల్చర్ ఆపకండి. గౌట్, ఇన్ఫెక్షన్ ఒకే కీలులో కలిసి ఉండగలవు.

రక్తం వస్తే దెబ్బ గురించీ, రక్తం పలచబడే మందుల గురించీ అడగండి. దాని మీద కొవ్వు బొట్లు తేలితే ఎముక కీలులోకి విరిగింది.

అభ్యాసం: రోజూ స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే మనిషి, ఎడమ మోకాలు. నీటిలో తెల్లకణాలు 38,000, న్యూట్రోఫిల్స్ 92 శాతం, యూరేట్ స్ఫటికాలు ఉన్నాయి, గ్రామ్ స్టెయిన్ ఖాళీ. కల్చర్ రావడానికి 48 గంటలు. ఆ 48 గంటల్లో ఏం ఇస్తారో, ఏం ఆపుతారో, ఎప్పుడెప్పుడు మోకాలు మళ్లీ చూస్తారో గంటల వారీగా, కారణంతో సహా రాయండి. యూరిక్ యాసిడ్ ఎంతో కావాలనే ఇవ్వలేదు, అడగొద్దు.