ఫోన్‌లో కోరస్ మాయం: సరౌండ్ ప్యానర్‌తో నా అనుభవం

నేను మిక్స్ చేసిన పాటలో కోరస్ హెడ్‌ఫోన్స్‌లో వెనకనుంచి చుట్టుముట్టినట్టు బ్రహ్మాండంగా ఉండేది. అదే పాట ఒకే స్పీకరున్న పాత ఫోన్‌లో పెడితే కోరస్ గల్లంతు. వాల్యూమ్ పెంచడం, ఈక్యూ (హెచ్చు, తగ్గు స్థాయిల సర్దుబాటు) తిప్పడం, రివర్బ్ (ప్రతిధ్వని) తీసేయడం, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడం, అన్నీ దండగే.

పనిచేసింది ఇది. ముందు మాస్టర్‌లో (అన్ని ట్రాకులూ కలిసే చోట) ఎడమ, కుడి ధ్వనుల్ని ఒకటిగా కలిపే మోనో బటన్ నొక్కాను. ఫోన్‌తో పని లేకుండానే లోపం దొరికింది. తర్వాత ఒక్కో ట్రాక్‌నీ సోలో చేశాను, అంటే అదొక్కటే విన్నాను. సరౌండ్ ప్యానర్‌లో (ధ్వని ఏ దిక్కునుంచి రావాలో చుక్కను జరిపి చెప్పే సాధనం) చుక్కను పూర్తిగా వెనక్కి లాగిన కోరస్ ఒక్కటే మూగబోయింది. స్టీరియోలో వెనక స్పీకర్లుండవు కదా, నా ప్యానర్ అదే ధ్వనిని ఎడమకు మామూలుగా, కుడికి దాని తరంగాన్ని తలకిందులు చేసి పంపుతోంది. రెండూ కలిస్తే సున్నా. ఎడమ, కుడి ధ్వనులు ఎంతవరకు ఒకేలా ఉన్నాయో చూపే కోరిలేషన్ మీటర్ -1 (పూర్తిగా వ్యతిరేకం) దగ్గరే ఉంది. (పాత సినిమా ధ్వని పద్ధతి డాల్బీ సరౌండ్ రెండు ట్రాకుల్లో వెనక ఛానల్‌ను దాచిందీ ఇంచుమించు ఇలాగే.) మోనో ఆన్‌లోనే ఉంచి, మీటర్ సున్నా దాటి, కోరస్ స్పష్టంగా వినబడేదాకా చుక్కను మెల్లగా ముందుకు జరిపాను. తగ్గిన వెడల్పు కోసం మళ్లీ పాడించి ఒక టేక్ ఎడమకు, ఇంకోటి కుడికి పెట్టాను. ఒకే టేక్‌ను కాపీ చేస్తే లాభం లేదు.

అన్ని ప్యానర్లూ ఇలా ఫేజ్ తిప్పవు, అంటే తరంగాన్ని తలకిందులు చేయవు. డిలే (ఒక వైపు ధ్వనిని కాస్త ఆలస్యం చేయడం) వాడేవాటిలో మోనోలో ధ్వని మాయమవదు, డొల్లగా వినిపిస్తుంది. అక్కడ ఈ చిట్కా ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను.