లింకులు, 4వ పాఠం: రెండు చుక్కలు ఎటు తీసుకెళ్తాయి?

పోయిన పాఠం అయ్యాక చాలామంది ఫైలుకు పెట్టినట్టే ఫోల్డరుకూ హార్డ్ లింకు (ఉన్నదానికే ఇంకో పేరు) పెట్టబోయారు, లింకు కట్టే కమాండు ఎల్ఎన్ కుదరదంది. సుడోతో (అడ్మిన్ హక్కుతో) మైనస్ డీ తగిలిస్తే ఈసారి లినక్స్ కెర్నలే (సిస్టమ్ గుండెకాయే) కాదంది. ఇది పర్మిషన్ల గొడవ కాదు. ఫోల్డరుకు 777 (అందరికీ అన్ని హక్కులూ) కొట్టినవాళ్లు ముందు దాన్ని 755కు (రాసే హక్కు సొంతదారుకే) దించండి.

ప్రతి ఫోల్డరులోనూ ఒక చుక్క (తనే), రెండు చుక్కలు (తన పై ఫోల్డరు) ఉంటాయి. పై ఫోల్డరు ఒక్కటే. పాకాల జంక్షన్‌లో నిలబడినవాణ్ణి 'వెనక్కి పో' అంటే ఎటు పోవాలి? తిరుపతికా, చిత్తూరుకా, మదనపల్లె వైపుకా? రెండు తల్లులున్న ఫోల్డరు పరిస్థితీ అదే. పైగా తాత ఫోల్డరును మనవడి లోపల కట్టేస్తే చెట్టు కాస్తా చక్రమవుతుంది. చెట్టంతా దిగి వెతికే పని తిరిగిన చోటే తిరుగుతుంది. బయటి పేరు చెరిపేసినా లోపలి లింకు వల్ల లింకుల లెక్క (ఎన్ని పేర్లున్నాయన్నది) సున్నాకు రాదు, డిస్కులో ఆ చోటు ఖాళీ కాదు. ఇంత తనిఖీ చేసే ఖర్చు కంటే నిషేధమే చవక. ఆపిల్ 2007లో తన బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ కోసం, అప్పటి ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి) హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో వీటిని అనుమతించింది, తర్వాతి ఏపీఎఫ్‌ఎస్‌లో మానేసింది.

కాబట్టి ఫోల్డరుకు సిమ్‌లింకే. అది దారి రాసిన చీటీ, అంతే. ఆ దారిని చీటీ ఉన్న చోటి నుంచి లెక్కేస్తారు, మీరున్న చోటి నుంచి కాదు. లెక్క తప్పుతోందంటే 'ఎల్ఎన్ -ఎస్ఆర్' వాడండి, అదే సరిచేసి రాస్తుంది.

అసలు తంటా ఇక్కడ. 'తిరుపతి' ఫోల్డరులోని 'ఈవారం' అనే లింకు 'చిత్తూరు/తోతాపురి'కి పోతుందనుకోండి. 'సీడీ ఈవారం' అని అందులోకి వెళ్లారు. ఇప్పుడు 'సీడీ ..' అంటే తిరుపతికే వస్తారు. కానీ ఈవారంలోనే ఉండి 'ఎల్ఎస్ ..' (ఫైళ్లు చూపించు) అంటే చిత్తూరు ఫైళ్లు కనబడతాయి! సీడీ అనేది షెల్ (మనం కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) సొంత కమాండు. వచ్చిన దారిని అక్షరాలుగా గుర్తుంచుకుని చివరి ముక్క కత్తిరిస్తుంది. ఎల్ఎస్ ఆ రెండు చుక్కలనూ నేరుగా కెర్నలుకు ఇస్తుంది, కెర్నలుకు మీరు వచ్చిన దారితో పనిలేదు. చూడటం వరకైతే నవ్వుకోవచ్చు. 'సీపీ బిల్లు ..' అంటే బిల్లు కాపీ చిత్తూరులో పడుతుంది. ఫైలును జరిపే 'ఎంవీ' కూడా అంతే. 'ఆర్ఎమ్ ../పాతబిల్లు' అంటే చిత్తూరులోని పాతబిల్లు పోతుంది, తిరుపతిలోది పదిలంగా ఉంటుంది. ట్యాబ్ కొట్టి చూశాం కదా అనకండి, చెరిపే ముందు 'పీడబ్ల్యూడీ' (ఎక్కడున్నామో చెప్పే కమాండు) మైనస్ పెద్ద పీతో కొట్టి అసలు దారి చూడండి. నాకైతే బాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలవగానే చదివే ఫైలు) 'సెట్' మైనస్ పెద్ద పీ పెట్టేయడమే ఇష్టం: అప్పుడు సీడీ కూడా అసలు దారినే పట్టుకుంటుంది. అలవాటయ్యేదాకా విసుగ్గానే ఉంటుంది.

ఇంకో దారి బైండ్ మౌంటు, అంటే ఒక ఫోల్డరును మరో చోట కూడా కనబడేలా తగిలించడం. దాంతో రెండు చుక్కలు మౌంటు చేసిన చోటికే పోతాయి. దానికి రూట్ (అడ్మిన్) హక్కు కావాలి, మౌంట్ల జాబితా ఫైలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయకపోతే రీబూట్‌తో పోతుంది, లోపల చెరిపితే అసలు ఫైళ్లే పోతాయి.

అభ్యాసం: ఒక ఫైలుకు సిమ్‌లింకు, ఆ లింకుకు ఇంకో లింకు, ఇలా 41 గొలుసుగా కట్టే స్క్రిప్టు రాయండి. 40వది తెరుచుకుంటుంది, 41వది తెరుచుకోదు. ఎర్రర్ సందేశం రాసి ఉంచండి. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఖాళీ ఫోల్డరు లింకుల లెక్క 2. లోపల మూడు ఫోల్డర్లు, ఒక సిమ్‌లింకు పెడితే ఎంత? కొట్టి చూడకముందే రాయండి.