కచేరీ మిక్సింగ్ – 4వ పాఠం: గాత్రం చుట్టూ తూకం

గత పాఠంలో మైకులు ఎంచుకోవడం, ప్రతి చానెల్‌కూ గెయిన్ (మైకు నుంచి వచ్చే సిగ్నల్‌కు మిక్సర్ ఇచ్చే పెంపు) సరిచూసుకోవడం అభ్యసించాం. గాయకుడు గొంతెత్తి పాడే ఘట్టంలో కూడా డిజిటల్ మిక్సర్ మీటరు సున్నాకు 10, 12 డెసిబెల్స్ దిగువనే ఆగాలని అక్కడ చెప్పుకున్నాం. ఆ పని పూర్తయిందనుకుని ఈ పాఠంలో ఫేడర్ల దగ్గరికి, అంటే ఒక్కో చానెల్ స్థాయిని పెంచి తగ్గించే జారుడు మీటల దగ్గరికి వద్దాం.

ఉదాహరణగా మూడు వందల మంది పట్టే సభామందిరంలో జరిగే కర్ణాటక గాత్ర కచేరీని తీసుకుందాం. వేదికపై గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, ఎలక్ట్రానిక్ తంబుర ఉంటాయి. సినిమా పాటల ఆర్కెస్ట్రాతో పోలిస్తే చానెళ్లు తక్కువే కాబట్టి పని సులువనిపిస్తుంది. అయితే ఇక్కడ ప్రతి వాద్యమూ మైకు లేకుండానే కొంత వినబడుతుంది. కనుక మనం చేయవలసింది ఆ సహజధ్వనిలో ఎక్కడ ఏది తక్కువవుతోందో గమనించి, అంతమేరకే స్పీకర్ల ద్వారా భర్తీ చేయడం. మన సభల్లో చాలా కచేరీలు అవసరానికి మించిన హోరుతో నడుస్తున్నాయంటే, ఈ లెక్క వేసుకోకుండా అన్ని ఫేడర్లనూ ఒకే వరుసకు ఎత్తేయడమే అందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ముందుగా కూర్చునే తీరును గమనించండి. సాధారణంగా వయొలిన్ విద్వాంసుడు గాయకుడికి ఎడమవైపున, మృదంగ విద్వాంసుడు కుడివైపున కూర్చుంటారు. మృదంగ విద్వాంసుడు గాయకుడివైపు తిరిగి కూర్చోవడం వల్ల ఆయన కుడిచేతి మూత శ్రోతలవైపుకు, ఎడమ మూత వేదిక వెనుక గోడవైపుకు ఉంటాయి. దీని పర్యవసానం మిక్సింగులో చాలా పెద్దది. కుడి మూత పలికే పదునైన ధ్వని ముందు వరుసలకు నేరుగా చేరిపోతుంది. రవ్వ ముద్ద పెట్టిన ఎడమ మూత పలికే గంభీరమైన నాదం మాత్రం వెనుకే ఉండిపోతుంది. కాబట్టి రెండు మైకులు పెట్టినప్పుడు స్పీకర్లలోకి ఎడమ మైకును ఎక్కువగా, కుడి మైకును పొదుపుగా ఇవ్వాలి. విద్వాంసుడిది ఎడమచేతి వాటమైతే ఆయన రెండో పక్కన కూర్చుంటారు గనుక, చానెళ్లకు పేర్లు రాసే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది. ఈ రెండు మైకులూ ఒకే వాద్యాన్ని ఎదురెదురు దిక్కుల నుంచి వింటున్నాయి కనుక, ఎడమ మైకు చానెల్‌లో సిగ్నల్‌ను తలకిందులు చేసే ఫేజ్ బటన్‌ను ఒకసారి నొక్కి, ఒకసారి వదిలి వినండి. ఏ స్థితిలో నాదం నిండుగా ఉంటే దానినే ఉంచండి.

తరువాత గాయకుడి మైకు దూరం. మూలానికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపయితే స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. బెత్తెడు దూరంలో మైకు పెడితే, గాయకుడు తారస్థాయిలో తల కాస్త వెనక్కి తీసుకోగానే దూరం రెట్టింపయి, గొంతు ఒక్కసారిగా సన్నబడుతుంది. మంద్రస్థాయిలో ముందుకు వంగితే సామీప్యం వల్ల కింది ధ్వని ఉబ్బిపోతుంది. అదే మైకు జానెడు దూరంలో ఉంటే తల అంతే కదిలినా మార్పు సగం కూడా కనబడదు. గెయిన్ కొంచెం ఎక్కువ కావలసివస్తుంది, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ధ్వని మళ్లీ మైకులో పడి కూత పెట్టడం) ప్రమాదం కొంత పెరుగుతుంది. అయినా కచేరీ గాత్రానికి నేను జానెడు దూరాన్నే సూచిస్తాను.

కింది పౌనఃపున్యాలను కోసేసే లోకట్ బటన్ విషయంలో ప్రారంభదశలోని వారు శ్రుతిని, అంటే గాయకుడు షడ్జంగా (‘స’గా) ఎంచుకునే ఎత్తును, పట్టించుకోరు. ఒకటిన్నర శ్రుతిలో పాడే పురుషుడి మధ్యస్థాయి షడ్జం సుమారు 139 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) దాదాపు 104 హెర్ట్జ్. మిక్సర్‌పై ఉన్న లోకట్ 100 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యేదైతే ఆయన మంద్ర పంచమంలో మూలస్వరం దాదాపు 3 డెసిబెల్స్ కోల్పోతుంది. ఆలాపనలో అక్కడ నిలిచి పాడిన క్షణంలో గొంతు ఎండిపోయినట్లు వినబడటానికి కారణం ఇదే. ఆయనకు 80 హెర్ట్జ్ లేదా అంతకు తక్కువ సరిపోతుంది. ఐదున్నర శ్రుతిలో పాడే గాయనికైతే షడ్జం 208, మంద్ర పంచమం 156 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. అక్కడ 120 హెర్ట్జ్ వరకు నిశ్చింతగా కోయవచ్చు. వేదిక చప్పుళ్లు, ఫ్యాన్ల గాలి, కాలితో తాళం వేసే అదురు అన్నీ దానితో తగ్గుతాయి. అందువల్ల సౌండ్ చెక్‌కు ముందు అడగవలసిన మొదటి ప్రశ్న “ఈరోజు శ్రుతి ఎంతండీ?” అనేదే.

ఇప్పుడు ఫేడర్లు. అన్నింటినీ దించి, గాత్రాన్ని ఒంటరిగా ఎత్తండి. చివరి వరుసలో సాహిత్యం స్పష్టంగా వినబడే స్థాయి దగ్గర ఆపి, మిగతా తూకం కుదిరేదాకా ఆ ఫేడర్‌ను ముట్టుకోకండి. తరువాత వయొలిన్‌ను గాత్రంతో సమానమనిపించేదాకా ఎత్తి, అక్కడి నుంచి సుమారు 3 డెసిబెల్స్ దించండి. వయొలిన్ గాయకుడి వెన్నంటే అదే సంగతిని (స్వరాల అల్లికను) పలికిస్తుంది కాబట్టి, రెండూ సమానంగా ఉంటే సాహిత్యాక్షరాలు చెదిరిపోయినట్లు తోస్తాయి. మృదంగాన్ని చేర్చాక మళ్లీ సాహిత్యాన్నే వినండి. ఒక్క అక్షరం మరుగుపడినా మృదంగాన్ని దించాలి, గాత్రాన్ని పెంచకూడదు. ఘటం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, అది చిన్న మందిరంలో తనంతట తానే వినబడుతుంది. తంబురను చివరగా, డీఐ బాక్సు (మైకు లేకుండా వాద్యం సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు అందించే పెట్టె) ద్వారా తీసుకుని, ఆపేసినప్పుడు మాత్రమే దాని లోటు తెలిసేంత స్థాయిలో ఉంచండి.

మృదంగానికీ గాత్రానికీ మధ్య ఈ పోటీ ఎందుకో తెలుసుకుంటే ఈక్యూ (ఎంచుకున్న పౌనఃపున్యాలను పెంచి తగ్గించే సాధనం) వాడకం సులువవుతుంది. మృదంగం కుడి మూతపై ఉన్న నల్లని పూత వల్ల దాని ఉపస్వరాలు శ్రుతిబద్ధంగా పలుకుతాయని సి.వి.రామన్ 1920లో సహరచయితతో కలిసి ‘నేచర్’ పత్రికలో చూపారు. ఆ మూతను గాయకుడి షడ్జానికే కలుపుతారు. అంటే మృదంగమూ గాత్రమూ ఒకే పౌనఃపున్యాల మీద నిలబడి ఉంటాయి కాబట్టి, షడ్జం చుట్టూ ఈక్యూతో కోసి వీటిని విడదీయడం కుదరదు. కోస్తే వాద్యం శ్రుతి కళ తప్పుతుంది. చేయగలిగింది రెండే పనులు: స్థాయిని తగ్గించడం, లేదా 3, 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే దెబ్బ అంచును 2 డెసిబెల్స్ మేర తగ్గించి ఆ చోటును గాత్రంలోని హల్లులకు వదలడం. మన చెవి ఆ ప్రాంతంలోనే అత్యంత సున్నితంగా ఉంటుంది గనుక, వయొలిన్ కీచుగా తోచినా మొదట వెతకవలసింది అక్కడే.

మానిటర్ల (వేదికపై కళాకారులు వినడానికి పెట్టే స్పీకర్ల) విషయంలో పేచీ తప్పదు. “బాబూ, నాకు శ్రుతి కొంచెం పెంచు” అని (తంబుర ధ్వని గురించి) గాయకుడు, “గాత్రం సరిగ్గా వినబడటం లేదు” అని వయొలిన్ విద్వాంసుడు అడుగుతూనే ఉంటారు. ప్రతి కోరికకూ పెంచుకుంటూ పోతే మానిటర్ నుంచి మైకులోకి, మైకు నుంచి మానిటర్‌లోకి తిరిగే ధ్వని చివరికి కూత పెడుతుంది. ముందువైపు ధ్వనిని ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనుకవైపు అతి తక్కువగా వింటుంది కాబట్టి మానిటర్‌ను మైకు వెనుక, గాయకుడికి ఎదురుగా పెట్టండి. ఇంకా ఇరుకుగా వినే సూపర్‌కార్డియాయిడ్ మైకు అయితే మానిటర్‌ను కాస్త పక్కకు జరపాలి. తెరచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్‌కు ముందున్న వెసులుబాటు 3 డెసిబెల్స్ తగ్గుతుందని గుర్తుంచుకుంటే, ప్రార్థన పాడటానికి తెచ్చి వేదికపైనే వదిలేసిన అదనపు మైకును ఎందుకు ఆపాలో ఎవరూ చెప్పనవసరం ఉండదు. శ్రుతి పెంచమన్నప్పుడు ముందుగా ఆ మానిటర్‌లో మృదంగాన్ని దించి చూడండి. చాలాసార్లు గాయకుడు తృప్తి పడతారు.

కచేరీ నడుస్తుండగా చేయవలసిన కదలికలు కొద్దివే. వయొలిన్ విద్వాంసుడు ఒంటరిగా ఆలాపన చేసేటప్పుడు ఇంతకుముందు దించిన 3 డెసిబెల్స్ తిరిగి ఇచ్చి, గాయకుడు అందుకోగానే తీసేయాలి. తనియావర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టంలో) గాత్రం, వయొలిన్ మైకులను 6 నుంచి 10 డెసిబెల్స్ దించితే మృదంగ నాదం తేటపడుతుంది. వాటిని పూర్తిగా ఆపేయకండి. తీర్మానం (ముగింపు జతి) ముగిసిన వెంటనే గాయకుడు పల్లవి ఎత్తుకుంటాడు, ఆ మొదటి అక్షరం పోతే శ్రోతలు క్షమించరు. ముందు వరుసలోంచి ఎవరో ఒకరు సైగ చేస్తూనే ఉంటారు. వారికి వినబడేది సగం వేదిక ధ్వనే కాబట్టి ఆ సలహాను మర్యాదగా విని, మందిరం మధ్యకు నడిచి వెళ్లి మీ చెవితో సరిచూసుకోండి.

ఇదే కచేరీని రికార్డు చేస్తున్నట్లయితే, మందిరం కోసం కూర్చిన తూకాన్ని యథాతథంగా తీసుకోకండి. అందులో ఎడమ మూత ఎక్కువగా, కుడి మూత తక్కువగా ఉంటాయి. వేదిక ధ్వని లేని రికార్డింగులో ఆ మృదంగం గుమ్మటంలా మోగుతుంది. ఫేడర్లకు ముందున్న సిగ్నల్‌ను ఒక్కొక్క చానెల్‌గా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌కు పంపి, తరువాత ఇంట్లో మళ్లీ కూర్చండి. గాత్రం మధ్యలో, శ్రోతల దృష్టిలో వయొలిన్ కొంచెం కుడికి, మృదంగం కొంచెం ఎడమకు ఉండాలి. వేదికకు 10 మీటర్ల దూరంలో రెండు మైకులు పెట్టి మందిరపు గాలిని కూడా పట్టుకుంటే కృత్రిమ రివర్బ్ (మందిరపు అనునాదాన్ని జోడించే ప్రభావం) అవసరం చాలావరకు తగ్గుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఆ మైకులు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వింటాయి. దగ్గరి మైకులతో కలిపినప్పుడు దెబ్బ రెండుసార్లు వినబడినట్లుంటే వాటిని ఆమేరకు ముందుకు జరపండి. చప్పట్లను 6 డెసిబెల్స్ దించడం మరచిపోకండి. యూట్యూబ్ గట్టిగా ఉన్న వాటిని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినికిడిలో సగటు బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరికి తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్న వాటిని పెంచదు. అయినా ఆ అంకెను అందుకోవడానికి కంప్రెసర్‌తో గమకాల ఎత్తుపల్లాలను చదును చేయవలసిన అవసరం లేదు. మైనస్ 17 దగ్గర ఆగినా వినేవారు వాల్యూమ్ పెంచుకుంటారు.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం చేయండి. ఒకే గాయకుడిని, ఒకే తంబురను తీసుకుని, గెయిన్ గానీ ఫేడర్ గానీ కదపకుండా మైకును బెత్తెడు, జానెడు, మూరెడు దూరాలలో పెట్టి, మంద్ర పంచమం నుంచి తార షడ్జం వరకు పాడించి రికార్డు చేయండి. మూడింటినీ వినికిడిలో సమాన స్థాయికి తెచ్చాక, కళ్లు మూసుకుని వింటూ ఏది ఏ దూరమో గుర్తుపట్టండి. లోకట్‌ను 80, 120, 150 హెర్ట్జ్‌ల దగ్గర మార్చి అదే పాటను మళ్లీ విని, ఏ అంకె దగ్గర మంద్ర పంచమం పలచబడిందో ఆ శ్రుతి పక్కన రాసుకోండి.