మైన్‌క్రాఫ్ట్ పై: పైథాన్ ప్రోగ్రామ్ ఆటలోకి వెళ్లనని మొరాయిస్తే

వేసవి సెలవుల్లో శ్రీకాకుళంలో మా మేడ మీద పిల్లలకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతుంటాను. అంతా మైన్‌క్రాఫ్ట్ పై ఎడిషన్‌తోనే. బ్లాకులు పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్‌ని ఈ బోర్డు కోసం 2013లో ఉచితంగా ఇచ్చిన ఆట అది. ఇక్కడ రెండు లైన్లు రాస్తే అక్కడ రాయి పడుతుంది, పిల్లలు కదలకుండా కూర్చుంటారు. "ఏటో సార్, నిన్న బాగానే ఆడింది" అన్న మాట మాత్రం రోజూ వినాల్సిందే.

ఎర్ర అక్షరాల చివర 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'

పైథాన్ ఆటతో కలవలేకపోయిందని దీనర్థం. ఆట తెరిచారా అంటే తెరిచామంటారు. ఆటలోని ఏదైనా ప్రపంచంలోకి వెళ్లారా అంటే నీళ్లు నములుతారు. మొదటి మెనూ కనిపిస్తున్నంతసేపూ ఆట మన మాట వినదు. ప్రపంచంలోకి వెళ్లి నేల మీద నిలబడ్డాకే 4711 పోర్టు (బయటి ప్రోగ్రాములు ఆటతో మాట్లాడే దారి) తెరుచుకుంటుంది, పైథాన్ వెళ్లి తలుపు తట్టేది అక్కడే. ఆటను తెరిచి ఉంచి, అప్పుడు ప్రోగ్రామ్ నడపండి. చాలాసార్లు గొడవ ఇంతే. దీనికే ఒకాయన రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "మాస్టారూ, బోర్డు కాలిపోయినట్టుందండీ" అన్నారు.

మౌస్ ఆటలోనే ఇరుక్కుపోతే ట్యాబ్ నొక్కండి, బయటికి వస్తుంది.

'ఎంసీపీఐ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్', లేదా ర్యాండమ్‌లో 'ర్యాండింట్' లేదని ఎర్రర్

ఎంసీపీఐ అంటే పైథాన్‌ని ఆటతో కలిపే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్. ర్యాండమ్ కూడా ఒక లైబ్రరీయే, అందులోని ర్యాండింట్ ఏదో ఒక అంకె ఎంచి ఇస్తుంది. నా చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది ఇదే. కారణం మీ కోడ్‌లో ఉండదు, ఫైల్ పేరులో ఉంటుంది.

ఇంపోర్ట్ (ఈ లైబ్రరీని తీసుకురా) అనగానే పైథాన్ ముందు వెతికేది మీ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే. అసలు లైబ్రరీ దగ్గరికి వెళ్లేది ఆ తర్వాత. పిల్లలేమో ఎంసీపీఐ పాఠం కదా అని ఫైల్‌ని 'ఎంసీపీఐ డాట్ పీవై' అని సేవ్ చేస్తారు. ఇక ఆ ప్రోగ్రామ్ లైబ్రరీని పిలవబోయి తనను తానే పిలుచుకుంటుంది.

మీ ఫైల్ పేరు సరిగ్గా ఉన్నా ఇది రావచ్చు, అసలు మోసం అక్కడుంది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకే పై మీద, ఒకే ఫోల్డర్‌లో రాసుకునేవారు. తమ్ముడు రంగురంగుల ఉన్ని బ్లాకులతో గోపురం కట్టే ప్రోగ్రామ్‌కి 'ర్యాండమ్ డాట్ పీవై' అని పేరు పెట్టాడు. మర్నాడు అక్క తన 'కోట' ప్రోగ్రామ్ నడిపితే ర్యాండింట్ లేదని ఎర్రర్. కోడ్ రెండుసార్లు చదివాను, తప్పు లేదు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) విడిగా ర్యాండమ్‌ని ఇంపోర్ట్ చేస్తే చక్కగా పని చేసింది. టెర్మినల్ ఉన్నది వేరే ఫోల్డర్‌లో, పని చెయ్యక ఏం చేస్తుంది! నాకు అది తట్టలేదు. పైథానే పాడైందనుకుని, పిల్లల ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఎస్‌డీ కార్డు మొత్తం చెరిపి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మళ్లీ ఎక్కించాను. ఫోల్డర్‌ని తిరిగి పెట్టి నడిపితే మళ్లీ అదే ఎర్రర్. దొంగను నేనే భద్రంగా మోసుకొచ్చి ఇంట్లో పెట్టాను మరి.

దొరికింది ఎలాగంటే, అక్క ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ ఆట చాట్‌లో తమ్ముడు రాసుకున్న 'హలో' ఒక్క క్షణం కనిపించేది. అది వాడే చూసి "సార్, అది నాది" అన్నాడు. ఎర్రర్‌ని పైనుంచి చదివి ఉంటే అంత దూరం పోయేవాడిని కాదు. ఏ ఫైల్లో ఏ లైన్ దగ్గర ఆగిందో అక్కడే ఉంటుంది, వాడి ఫైల్ పేరూ ఉంది. నేను చివరి లైను ఒక్కటే చూశాను.

కాబట్టి ముందు ఫోల్డర్ తెరిచి అన్ని ఫైళ్ల పేర్లూ చూడండి, మీది ఒక్కటే కాదు. లైబ్రరీ పేరుతో ఏది కనిపించినా పేరు మార్చండి. పాత పైథాన్ 2 అయితే అదీ చాలదు. అదే పేరుతో పక్కన 'పీవైసీ' ఫైల్ (పైథాన్ తానే తయారు చేసి దాచుకునేది) మిగిలిపోయి పాత రోగం కొనసాగుతుంది, దాన్నీ తీసెయ్యాలి. మా దగ్గర ఇప్పుడు ప్రతి ఫైల్ పేరూ పిల్లాడి పేరుతోనే మొదలవ్వాలి.

ఎర్రర్ లేదు, కట్టిన ఇల్లూ కనపడదు

బ్లాకు ఎక్కడ పెట్టాలో ఎక్స్, వై, జెడ్ అనే మూడు అంకెలతో చెప్తాం. అందులో ఎత్తు చెప్పేది వై, జెడ్ కాదు. అది తప్పితే ఇల్లు భూమిలోకి పోతుంది. ఈ ప్రపంచం 256 బ్లాకుల పొడవు, 256 వెడల్పు మాత్రమే. ఎక్స్‌కి 500 ఇస్తే ఆట కిక్కురుమనదు, కట్టదు కూడా. మీరు నిలబడ్డ చోటు తెలుసుకుని, దానికి ఐదో పదో కలిపి కట్టండి.

మిగతావి

తెర మూల పసుపు మెరుపు గుర్తు వస్తే కరెంటు చాలట్లేదు, ఫోన్ ఛార్జర్ తీసి సరైన అడాప్టర్ పెట్టండి. నడుస్తుండగా కరెంటు పోయి ఎస్‌డీ కార్డు పాడవడం అప్పుడప్పుడూ జరిగేదే, అప్పుడు ఓఎస్ మళ్లీ ఎక్కించక తప్పదు. పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్లు తిరిగి పెట్టేముందు వాటి పేర్లు చూసుకోండి.