కొత్త ఫోన్ వార్తను చదివి కొనాలో వద్దో తేల్చుకోవడం ఎలా?

కొత్త ఫోన్ విడుదలైన వారంలో దాని గురించి వచ్చే సమాచారంలో నాలుగు రకాలు కలగలిసి ఉంటాయి. విడుదలకు ముందే బయటికి పొక్కిన వివరాలు, కంపెనీ వేదికపై ప్రకటించిన విషయాలు, ఆ ప్రకటననే కాస్త అటూ ఇటూ మార్చి రాసిన వార్తలు, ఫోన్‌ను కొన్నాళ్లు వాడి చూసిన వారి సమీక్షలు. వీటన్నిటికీ ఒకే విలువ ఇచ్చి చదివేవారు తొందరపడి కొంటారు. చిరుద్యోగి ఒక నెల జీతమంతా పోసి కొనే వస్తువు విషయంలో ఆ తొందర తగదు. ఇక్కడ చెప్పబోయే పద్ధతికి ఆధారం ఒక్కటే: ఈ రోజు పెట్టెలో ఉన్నదానికి మాత్రమే వెల కట్టాలి, ముందు ముందు వస్తుందని చెప్పినది ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, నిర్ణయం తీసుకునే వేళ దాని విలువ సున్నా అనుకోవాలి.

ఇది అతి జాగ్రత్తగా అనిపించవచ్చు. గడచిన పదేళ్ల వార్తలను తిరగేస్తే అలా అనిపించదు. 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ ఇస్తానని ప్రకటించినప్పుడు దేశమంతా ఎగబడింది. విలేకరులకు చూపిన నమూనా ఫోన్లపై వేరే కంపెనీ పేరును తెల్లరంగుతో కప్పి ఉంచారన్న సంగతి ఆ వెంటనే బయటపడింది. అది మోసపు వ్యవహారం కాబట్టి పక్కన పెడదామనుకుంటే, పెద్ద సంస్థల వాగ్దానాలు కూడా తప్పిన సందర్భాలున్నాయి. ఫోన్, గడియారం, ఇయర్‌ఫోన్లు మూడింటినీ ఒకేసారి ఛార్జ్ చేసే ఎయిర్‌పవర్ అనే పలకను ఆపిల్ 2017 సెప్టెంబరులో వేదికపై చూపింది. 2019 మార్చిలో దాన్ని విరమించుకుంటున్నట్లు తెలిపింది. అదే కంపెనీ 2024 జూన్‌లో, మాటతో అడిగితే పనులు చేసిపెట్టే తన సహాయకి సిరి కొత్త రూపం గురించి చెప్పి, ఆ కృత్రిమ మేధ సదుపాయాలనే ప్రధానంగా ప్రచారం చేస్తూ సెప్టెంబరులో ఐఫోన్ 16ను అమ్మకానికి పెట్టింది. సిరికి సంబంధించిన ముఖ్యమైన మార్పులు ఆలస్యమవుతాయని 2025 మార్చిలో ప్రకటించింది. ఆ ఫోన్ మంచిదే. కానీ కేవలం ఆ సిరి కోసమే దాన్ని కొన్నవారు చెల్లించిన సొమ్ముకు ఆ రోజున ప్రతిఫలం అందలేదు.

హ్యూమేన్ కంపెనీ తెచ్చిన ఏఐ పిన్ కథ ఇంకా కఠినమైనది. చొక్కాకు తగిలించుకునే ఆ పరికరాన్ని 2023 నవంబరులో ప్రకటించారు; ధర 699 డాలర్లు, దానిపై నెలకు 24 డాలర్ల చందా. 2024 ఏప్రిల్‌లో వినియోగదారుల చేతికి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో హెచ్‌పీ సంస్థ ఆ కంపెనీ ఆస్తులను 11 కోట్ల 60 లక్షల డాలర్లకు తీసుకోవడంతో, అదే నెల 28 నాటికి పిన్ దాదాపుగా పనికిరాని వస్తువైపోయింది. కంపెనీ సర్వర్ లేకుండా పనిచేయని ఏ పరికరానికైనా ఈ ప్రమాదం ఉంటుంది కాబట్టి, అలాంటి వార్త చదివినప్పుడు ఇంటర్నెట్ ఆపేస్తే, చందా కట్టడం మానేస్తే అందులో ఏమేం పనిచేస్తాయో మొదట వెతకాలి.

వార్తను విడదీయడం

ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు, విడుదల రోజునే పనిచేస్తాయని వార్తలో స్పష్టంగా ఉన్నవి రాయండి. కుడివైపు, తర్వాతి అప్‌డేట్‌తో వస్తాయన్నవి, మొదట కొన్ని దేశాల్లోనే అందుబాటులో ఉంటాయన్నవి, ఇంగ్లీషులో మాత్రమే పనిచేస్తాయన్నవి రాయండి. కృత్రిమ మేధకు సంబంధించిన సదుపాయాల్లో చాలా భాగం కుడివైపుకే చేరుతుంది, ముఖ్యంగా తెలుగులో మాట్లాడేవారికి. ఫోన్ సంభాషణను అప్పటికప్పుడు అనువదిస్తుందని ప్రకటన వస్తే, తయారీదారు ఇచ్చిన భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూడకుండా దాన్ని ఎడమవైపు రాయకూడదు. హిందీ ఉన్నంత మాత్రాన తెలుగు ఉంటుందని అనుకోవడానికి లేదు.

ఆ తర్వాత ఆ వార్త ఏ దేశపు నమూనా గురించి రాశారో గమనించండి. ఒకే పేరుతో అమ్మే ఫోన్ అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24 అమెరికాలో స్నాప్‌డ్రాగన్ చిప్‌తోనూ, మన దేశంలో ఎక్సినోస్ చిప్‌తోనూ వచ్చింది. అమెరికాలో తీసిన వీడియో చూసి ఇక్కడ ఫోన్ వేడెక్కుతుందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుందా అని అంచనా వేసినవారు వేరే ఫోన్ గురించి విన్నట్లే లెక్క. 2025లో వచ్చిన నథింగ్ ఫోన్ 3లో తేడా మనకు అనుకూలంగా ఉంది: ఇక్కడి బ్యాటరీ 5,500 ఎంఏహెచ్, ఇతర దేశాల్లో 5,150. కాబట్టి సమీక్షకుడు ఎవరైనా సరే, చేతిలో ఉన్నది భారతదేశంలో అమ్మే నమూనా అని చెప్పాడా లేదా అన్నది ముఖ్యం.

సమీక్షకుడి విషయంలో మరొకటి కూడా చూడాలి. కంపెనీ ఉచితంగా ఇచ్చిన వస్తువు గురించైనా, డబ్బు తీసుకుని చేసే ప్రచారం గురించైనా ఆ సంబంధాన్ని చూసేవారికి స్పష్టంగా తెలియజేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అలా తెలియజేసిన వారిని అనుమానించనక్కర లేదు. నిజానికి వారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. విడుదల రోజున వచ్చే సమీక్షలు చాలావరకు కంపెనీ ముందుగా పంపిన ఫోన్లతో, వారం పది రోజుల వాడకంతో తయారవుతాయి. బ్యాటరీ సత్తువ తగ్గడం, అమోలెడ్ తెరపై ఆకుపచ్చ గీత పడటం, అప్‌డేట్ తర్వాత కెమెరా తీరు మారడం వంటివి ఆ గడువులో బయటపడవు. అదే కంపెనీ నిరుడు అదే శ్రేణిలో అమ్మిన ఫోన్‌ను కొన్నవారు ఏడాది తర్వాత ఏమంటున్నారో చదివితే, కొత్త ఫోన్ భవిష్యత్తు గురించి చాలావరకు తెలిసిపోతుంది.

అంకెలను చదవడం

ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించే అంకెలు సాధారణంగా అబద్ధాలు కావు, కానీ అవి నిజమయ్యే పరిస్థితులు చిన్నక్షరాల్లో ఉంటాయి. 200 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా ఫోటో తీసేటప్పుడు పదహారేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని ఇస్తుంది; 50 మెగాపిక్సెళ్లది నాలుగేసి కలిపి అదే 12.5 ఇస్తుంది. అందువల్ల ఈ రెండింటి మధ్య ఎంచుకునేటప్పుడు మెగాపిక్సెళ్లను వదిలేసి సెన్సర్ పరిమాణం, చేతి వణుకును సరిచేసే ఓఐఎస్ ఉన్నదీ లేనిదీ చూడటం మేలు. రాత్రి పెళ్లి పందిట్లో పిల్లలను ఫోటో తీసేవారికి ఉపయోగపడేవి ఈ రెండే. తెర వెలుగు 4,000 నిట్స్ అని రాస్తే, అది తెరలోని చిన్న భాగంలో, ప్రత్యేకమైన వీడియో ఆడుతున్నప్పుడు కొలిచిన గరిష్ఠం. మే నెల ఎండలో తెర మొత్తం ఇచ్చే వెలుగు అంతకంటే చాలా తక్కువ. దుకాణంలో నమూనా ఫోన్ ఉంటే, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తానని అడగండి. ఏ అంకె కన్నా ఆ ఒక్క నిమిషం నమ్మదగినది.

8 జీబీ ర్యామ్‌కు మరో 8 జీబీ వర్చువల్ ర్యామ్ కలిపి 16 జీబీ అని ప్రచారం చేయడం నాకు ఏ మాత్రం న్యాయంగా తోచదు. అది నిల్వ స్థలంలో కొంత భాగాన్ని తాత్కాలికంగా వాడుకోవడం. అసలు ర్యామ్‌తో దాని వేగానికి పోలికే లేదు. కాగితం మీద 8 అనే రాయండి. తక్కువ ధర ఫోన్లలో నిల్వ ఎంత అన్నది కనిపిస్తుంది గాని, అది ఏ రకమో కనిపించదు. ఈఎంఎంసీ రకమైతే రెండేళ్లలో ఫోన్ మందగించడం ఎక్కువ, యూఎఫ్ఎస్ అయితే నయం.

నీటిని, దుమ్మును తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అన్న గుర్తును చూసి ఫోన్‌తో సముద్రంలో దిగడానికి లేదు. ఆ పరీక్ష మంచినీటిలో, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంతసేపు జరుగుతుంది. సాధారణంగా ఒకటిన్నర మీటర్లు, 30 నిమిషాలు. విశాఖ తీరంలోని ఉప్పునీటికి, స్నానాల గదిలోని సబ్బునీటికి అది వర్తించదు. పైగా నీటి వల్ల పాడైన ఫోన్‌ను ఆ గుర్తు ఉన్నా సరే వారంటీ కింద బాగుచేయబోమని చాలా కంపెనీలు నిబంధనల్లోనే రాస్తున్నాయి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు మాత్రం మన సూత్రాన్ని కాస్త సడలించాల్సిన చోటు. అవి రేపటి వాగ్దానాలే అయినా, లిఖితపూర్వకంగా, సంవత్సరాల లెక్కతో ఇచ్చినవి. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8కి, శాంసంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల హామీ ఇచ్చాయి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ లెక్క సాధారణంగా ఫోన్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి మొదలవుతుంది, మీరు కొన్న నాటి నుంచి కాదు. నాలుగేళ్ల హామీ ఉన్న ఫోన్‌ను రెండేళ్ల తర్వాత తగ్గింపు ధరకు కొంటే మీకు మిగిలేవి రెండేళ్లే. బ్యాంకు పనులు, యూపీఐ చెల్లింపులు ఫోన్‌లోనే జరుగుతున్న కాలంలో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ ఎంత చవకగా దొరికినా వద్దు. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం, అక్కడ ఒక నమూనాను విక్రయానికి విడుదల చేయడం ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందాలి. 800 సార్లు పూర్తిగా ఛార్జ్ చేసిన తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకోవాలి. ఆ చట్టం మనకు వర్తించదు. అయినా అక్కడి లేబుల్‌పై బ్యాటరీ మన్నిక, కిందపడితే తట్టుకునే శక్తి, మరమ్మతు చేయగల వీలు ముద్రిస్తున్నారు కాబట్టి, అదే ఫోన్ అక్కడ కూడా అమ్ముతుంటే ఆ వివరాలు వెతికి చూడటం ఉపయోగకరం.

మన ఊరికి సరిపోతుందా

5జీ అని రాసి ఉంటే చాలదు. జియో 5జీ ఎన్28, ఎన్78 అనే బ్యాండ్లపై, అంటే రేడియో తరంగాల శ్రేణులపై, ఎక్కువగా ఆధారపడుతుంది. వీటిలో 700 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఎన్28 దూరంగా వ్యాపించి గోడల లోపలికి బాగా చేరుతుంది కాబట్టి, పల్లెల్లో ఉండేవారికి అది లేని ఫోన్ కొంత లోపమే. అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఫోన్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2022 నుంచి, అంటే ఐఫోన్ 14 నుంచి, అక్కడ అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అర ఉండదు. ఈ-సిమ్ మాత్రమే వాడాలి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఇక్కడి నెట్‌వర్క్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోవాలి, ఎందుకంటే జియోకు 2జీ, 3జీ లేవు. వోల్టీ లేకపోతే మామూలు కాల్ వెళ్లదు. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితమన్నది కూడా అన్నయ్య విమానం ఎక్కకముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

సర్వీసు కేంద్రం మీ జిల్లాలో ఉందా అన్నది కంపెనీ వెబ్‌సైటులో పిన్‌కోడ్‌తో తెలుస్తుంది. హైదరాబాదుకో విజయవాడకో రెండుసార్లు వెళ్లి రావాల్సి వస్తే, చార్జీలు, పోయిన కూలి కలిపి ధరలో దొరికిన తగ్గింపంతా హరించుకుపోతుంది. తల్లిదండ్రుల కోసం కొంటున్నప్పుడు ఈ ఒక్క అంశాన్ని కెమెరా కన్నా, చిప్ కన్నా పైన పెట్టండి.

ధర, ఆ తర్వాత

విడుదల నాడు పెద్దగా చూపే ధరలో బ్యాంకు కార్డు తగ్గింపు, పాత ఫోన్ మార్పిడి బోనస్ కలిసి ఉంటాయి. అవి మీకు వర్తించకపోతే ఆ ధర మీది కాదు. వడ్డీ లేని వాయిదాల్లో కూడా వడ్డీ ఉంటుంది. బ్యాంకు వసూలు చేసే వడ్డీకి సమానంగా అమ్మకందారు ముందే ధర తగ్గిస్తాడు. కానీ ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. ఉదాహరణకు 30,000 రూపాయల ఫోన్‌ను ఏడాదికి 15 శాతం వడ్డీ రేటుతో ఆరు వాయిదాల్లో కొంటే, వడ్డీ సుమారు 1,270 రూపాయలు, దానిపై జీఎస్టీ సుమారు 229 రూపాయలు. ప్రాసెసింగ్ రుసుము వేరు. మొత్తం పెద్దది కాకపోయినా, ఒకేసారి చెల్లించినవారికి దొరికే తగ్గింపు మీకు దక్కుతోందా అన్నది కలిపి లెక్కించాలి. అవసరం తొందరపెట్టకపోతే దసరా, దీపావళి అమ్మకాల దాకా ఆగమనే నా సలహా. అప్పటికి ధర తగ్గే అవకాశంతో పాటు, మీ కాగితంలో కుడివైపు రాసినవాటిలో ఎన్ని ఎడమవైపుకు వచ్చాయో కూడా తేలిపోతుంది.

ఫోన్ ఇంటికి చేరిన రోజున పెట్టె తెరవడం మొదలుకొని వీడియో తీయండి. *#06# నొక్కితే తెరపై కనిపించే ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు ప్రత్యేకంగా ఉండే గుర్తింపు) సంఖ్య పెట్టెపైనా, బిల్లుపైనా ఉన్నదానితో సరిపోవాలి. ఆంగ్లంలో కేవైఎం అనే మూడు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐని 14422కు ఎస్ఎంఎస్ చేస్తే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ యాప్‌లోనూ ఇదే సరిచూడవచ్చు. పాత ఫోన్ కొనేవారు డబ్బు చేతులు మారకముందే ఈ పని చేయాలి. తేడా కనిపిస్తే అమ్మకందారుకు అదే రోజు రాతపూర్వకంగా తెలియజేసి, స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పుడు అడిగేవి బిల్లు, ఆర్డరు సంఖ్య, ఆ వీడియో కాబట్టి మూడింటినీ కొత్త ఫోన్‌లో కాకుండా వేరేచోట భద్రపరచండి.