ఖాకీనా, కాక్‌పిట్టా: రాజీనామా రాసేముందు ఏ పని ముందు, ఏ పని తర్వాత

పోలీసు ఉద్యోగమా, పైలట్ ఉద్యోగమా అనే ఈ ప్రశ్న తిరుపతిలో రెండు వైపుల నుంచీ వస్తుంది. ఎస్ఐ ఉద్యోగంలో నాలుగైదేళ్లు చేసినాక చిన్నప్పటి విమానం పిచ్చి మళ్ళీ లేచినోళ్లు ఒకవైపు, సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, చేతిలో పెట్టుకుని ఎయిర్‌లైన్ పిలుపు కోసం చూసి చూసి, ఇంట్లోవాళ్లు చెప్పినట్టు పోలీస్ పరీక్ష రాసేస్తే పోతుంది కదా అనుకునేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే, ఏది గొప్ప అనే పంచాయతీ పక్కనపెట్టి ఏది ముందు చేయాలో చూసుకోండి. తక్కువ ఖర్చులో "ఇది నీకు కుదరదు" అని తేల్చేసే పనులు ముందు, లక్షలు అడిగే పనులు తర్వాత, వెనక్కి తీసుకోలేని సంతకం అన్నింటికంటే చివర. మనోళ్లు చేసేది తలకిందులు, ముందు స్టేషన్‌లో అందరికీ చెప్పేస్తారు, తర్వాత లోన్ తీస్తారు, ఆ తర్వాత మెడికల్‌కి పోతారు.

ముందు మెడికల్. ఇక్కడే ఆగిపోతే మీ ఇల్లు, మీ పొలం మిగిలినట్టే. పైలట్‌కి క్లాస్ 2 అని ఒక మెడికల్ ఉంటుంది, దేశంలో విమానయానాన్ని చూసుకునే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గర చేయించుకోవాలి, ఎవరెవరున్నారో డీజీసీఏ సైట్‌లోనే లిస్టు ఉంటుంది. కమర్షియల్ లైసెన్స్‌కి మాత్రం క్లాస్ 1 కావాలి. అది చేసే చోట్లలో మనకి అందుబాటులో ఉండేది బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, చిత్తూరు, పలమనేరు, ములబాగల్ మీదుగా రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు, కానీ అపాయింట్‌మెంట్ లేకుండా పోతే పనికాదు. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరనే మాట మన ఊర్లో ఇంకా తిరుగుతా ఉంది, ఎయిర్‌లైన్లలో నడిపే సివిల్ పైలట్లకి అట్లా ఏమీ లేదు, అద్దాలు పెట్టుకుని 6/6 కనిపిస్తే చాలు. రంగులు సరిగ్గా గుర్తుపట్టలేకపోతే మాత్రం కష్టం, అది పోలీస్ సెలక్షన్‌లోనూ చూస్తారు కాబట్టి ఎస్ఐలు అక్కడ గట్టెక్కినోళ్లే. అట్లని ధీమా వద్దు, సెలక్షన్ నాటి ఒళ్ళు వేరు, ఐదేళ్ళు నైట్ రౌండ్లు తిరిగి అర్ధరాత్రి పరోటాలు తిన్న ఒళ్ళు వేరు. బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ చూస్తారు, చెవులకి ఆడియోమెట్రీ కూడా ఉంటుంది, ఫైరింగ్ ప్రాక్టీస్ తర్వాత చెవిలో గుయ్యిమనే శబ్దం ఉండిపోయినోళ్లు ముందు ఇక్కడే ఒక ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకుని పోవడం మంచిది.

ఇంకోటి, ఈ మెడికల్ ఒక్కసారితో అయిపోదు. ఫ్లయింగ్ చేసినన్నాళ్లూ రెన్యువల్ చేయించుకుంటానే ఉండాలి. డ్యూటీలో కాలు విరిగిన ఎస్ఐని కంట్రోల్ రూమ్‌లోనో ఆఫీసులోనో కూర్చోబెడతారు, జీతం ఆగదు. పైలట్‌కి మెడికల్ పోయిందంటే ఆ రోజు నుంచి విమానం ఎక్కేది లేదు, అందుకే వాళ్లు లైసెన్స్ పోతే డబ్బులొచ్చే ఇన్సూరెన్స్ కట్టుకుంటారు. మీ ఇంట్లో నలభై దాటగానే షుగర్ వచ్చే చరిత్ర ఉంటే ఈ లెక్క మీకు ఇంకా ముఖ్యం.

తర్వాత ఇంటర్ మార్కుల మెమో తీసి చూసుకోండి. ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. ఎంపీసీ వాళ్లకి ఇబ్బంది లేదు, బైపీసీ చదివినోళ్లకి మ్యాథ్స్, సీఈసీ వాళ్లకి రెండూ ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌లో రాసుకునే దారి ఉంది. డిగ్రీ ఉంటే చాలు కదా అనుకుని ఇది వదిలేసినోళ్లు చివర్లో ఇరుక్కుంటారు.

మూడోది ఉద్యోగంలో ఉంటూనే చేయగలిగింది, డీజీసీఏ రాత పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మెటీరియాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్, ఒక్కోదాంట్లో 70 శాతం వస్తేనే పాస్. ముందు ఈ పరీక్షలు రాసేదానికి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి, అది వచ్చేదానికే టైమ్ పడుతుంది. ఈ పరీక్షలే మీ కోరికకి అసలు పరీక్ష అని నా అభిప్రాయం. నైట్ డ్యూటీ దిగి వచ్చి రెండు గంటలు నావిగేషన్ లెక్కలు చేయబుద్ధి అయితే మీరు నిజంగానే ఫ్లయింగ్ కోసం పోతున్నారు, పుస్తకం తెరవగానే సీఐ సార్ తిట్టింది గుర్తొచ్చి మూసేస్తే మీరు స్టేషన్ నుంచి పారిపోవాలని చూస్తున్నారు, దానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే చాలు, అరవై లక్షలు అక్కర్లేదు. మెటీరియాలజీ అంత భయపడాల్సింది కాదు, 2021 నవంబర్ వరదల్లో తిరుపతిలో డ్యూటీ చేసినోళ్లకి వాయుగుండం అంటే ఏందో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రేడియో లైసెన్స్ పరీక్ష ఆర్‌టీఆర్ ఇంకోటి ఉంటుంది, వైర్‌లెస్ సెట్‌లో మాట్లాడే అలవాటు ఉన్న పోలీసోళ్లకి సగం బెరుకు పోయి ఉంటుంది గానీ సెట్‌లో మాట్లాడినట్టు తెలుగు ఇంగ్లీష్ కలిపి "సార్ సార్" అంటే కుదరదు, ఏ మాట ఎప్పుడు అనాలో కచ్చితంగా అదే అనాలి. ఇంగ్లీష్‌కి వేరే టెస్ట్, లెవల్ 4 తగ్గకూడదు.

పరీక్షలు రాసేదానికి పర్మిషన్ అడగాలా అంటే, అడగండి, రాతపూర్వకంగా అడిగి కాపీ దగ్గర పెట్టుకోండి. దొంగచాటుగా చేసి ఎవరో ఒకరు పిటిషన్ పెడితే ఎటూ కాకుండా పోతారు. పాస్‌పోర్ట్ విషయం కూడా అంతే, విదేశాల్లో ఫ్లయింగ్ ఆలోచన ఉంటే డిపార్ట్‌మెంట్ కాగితాలు ముందే కదిలించాలి.

ఇప్పుడు డబ్బు, అసలు నిద్రపట్టనివ్వనిది ఇదే. సీపీఎల్‌కి 200 గంటల ఫ్లయింగ్ కావాలి, అందులో 100 గంటలు విమానం బాధ్యత మీదే అయి (పైలట్-ఇన్-కమాండ్‌గా) నడిపినవి ఉండాలి. మన దేశంలో మంచి స్కూల్లో ఫీజు, హాస్టల్, పరీక్షలు అన్నీ కలిపితే 45 నుంచి 60 లక్షల దాకా అనుకోండి, ఆ పైన ఎయిర్‌బస్‌నో బోయింగ్‌నో నడిపే అర్హత, అదే టైప్ రేటింగ్, పదిహేను లక్షలకి తగ్గదు, ఎక్కువే అవుతుంది. ఒక 60 లక్షల లోన్ 11 శాతం వడ్డీకి పదేళ్లకి తీసుకుంటే నెల కంతు 82 వేల పైన పడుతుంది. ఇప్పుడు దాని పక్కన ఎస్ఐ స్కేల్ పెట్టి చూడండి, 2022 పీఆర్సీ (జీతాల సవరణ)లో 44,570 నుంచి మొదలు, డీఏ, హెచ్‌ఆర్ఏ కలిపి ఎంత వస్తుందో మీ పేస్లిప్ మీకు తెలుసు. అంటే ఈ కంతు కట్టేదానికి ఎస్ఐ జీతం చాలదు, ఎయిర్‌లైన్ జీతమే రావాలి, అది రాకపోతే మీరు మళ్ళీ ఏ ఉద్యోగంలో చేరినా ఇల్లు పోతుంది. మా పక్క చాలామంది బ్యాంకులో ఇల్లు పెట్టేదే కాబట్టి ఈ మాట అమ్మానాన్నలకి తెలుగులో, అంకెలతో, దాచకుండా చెప్పాలి. "ఫస్ట్ జీతంతోనే తీర్చేస్తా" అనేది అంకె కాదు.

అందుకే లోన్‌కి ముందు ఒక చిన్న ఖర్చు పెట్టండి, ఏదైనా ఫ్లయింగ్ స్కూల్‌కి పోయి ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఒక గంట సెస్నాలో కూర్చోండి. ఎండాకాలం మధ్యాహ్నం చిన్న విమానం కుదుపుల్లో కడుపు తిరిగి, ఆ ఒక్క గంటతోనే కోరిక తీరిపోయినోళ్లు ఉంటారు. స్కూల్ ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లో ఎన్ని విమానాలున్నాయో కాదు, ఆ రోజు ఎగరగలిగే స్థితిలో ఎన్నున్నాయో, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమందో, పోయిన బ్యాచ్‌లో 200 గంటలు ఎన్ని నెలల్లో పూర్తయిందో అక్కడ చదివే పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకుని అడగండి. ఏడాది అని చెప్పింది రెండేళ్లు అవడం మామూలే, ఆ రెండో ఏడాది ఇంటి ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు. 2025 అక్టోబర్ నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్ళకి ర్యాంకులు ఇస్తా ఉంది, అది కూడా చూడండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే లేచి వచ్చేయండి. ప్రభుత్వ సంస్థే కావాలంటే యూపీలో ఫుర్సత్‌గంజ్ ఇగ్రువా ఉంది, దానికి ఎంట్రన్స్ రాయాలి. మనకి దగ్గర్లో కడప విమానాశ్రయాన్ని కూడా 2022లో ట్రైనింగ్ స్కూళ్ళ కోసం ఎంపిక చేశారు, దగ్గర కదా అని కాకుండా పోయి చూసి తేల్చుకోండి.

ఉద్యోగం గ్యారంటీనా అని అడుగుతారు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగింది, 2020లో కరోనాకి అన్నీ ఆగినాయి, 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. ఆగిన ప్రతిసారీ వేల గంటల అనుభవం ఉన్నోళ్లు రోడ్డు మీదికి వచ్చి, 200 గంటల కుర్రోళ్ల కంటే ముందు క్యూలో నిలబడ్డారు. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు రోజుకి వందల్లో రద్దయి, కొత్త డ్యూటీ రూల్స్‌కి పైలట్లు సరిపోలేదని వార్తలొచ్చినప్పుడు, చూడన్నా పైలట్లకి ఎంత కొరతో అని నాకే ఫోన్లు. కొరత ఉంటే ముందు వెతికేది కెప్టెన్లని, టైప్ రేటింగ్ ఉన్నోళ్లని, కొత్తగా సీపీఎల్ తెచ్చుకున్నోడి సంగతి వేరే. ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్స్, దానికి 1500 గంటలు. ఎయిర్‌లైన్లే నడిపే పైలట్ ట్రైనింగ్, అంటే క్యాడెట్ ప్రోగ్రామ్‌లు, ఖర్చు ఎక్కువైనా వరస కొంచెం స్పష్టంగా ఉంటుంది, అక్కడ కూడా అగ్రిమెంట్‌లో "ఉద్యోగం ఇస్తాం" అని ఉందా "అవకాశం పరిశీలిస్తాం" అని ఉందా వెతకండి, ఎఫ్ఐఆర్‌లో సెక్షన్లు చదివే కన్ను ఇక్కడ పనికొస్తుంది.

జీవితం సంగతి కొంచెం. పోలీసులకి వీక్లీ ఆఫ్ అని 2019లో ప్రకటించారు, గరుడ సేవ రోజు దాని గురించి అడిగేవాడు ఎవడూ ఉండడు. పైలట్‌కి విశ్రాంతి చట్టంలోనే ఉంటుంది, కొత్త రూల్స్‌లో వారానికి 48 గంటలు, ఏడాదికి 1000 గంటలకి మించి ఎగరకూడదు. కానీ ఆ విశ్రాంతి తిరుపతిలో దొరకదు. మీ బేస్ ఢిల్లీనో హైదరాబాదో బెంగళూరో అవుతుంది, రేణిగుంటలో దిగి ప్యాసింజర్లని ఎక్కించుకుని అరగంటలో మళ్ళీ లేస్తారు, అమ్మ ఇల్లు ఇరవై నిమిషాల దూరంలో ఉన్నా పోలేరు. ఎస్ఐ అయితే తిప్పలు పడినా రాయలసీమలోనే తిరుగుతా ఉంటాడు, ఊర్లో పెళ్లికీ చావుకీ అందుతాడు, ఊరోళ్లు పనుల కోసం వాకిట్లో నిలబడతారు. ఆ పలుకుబడి వదులుకోవడం కొందరికి జీతం కంటే కష్టం. పైలట్‌ని ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్ ఐడీ కార్డు చూపించమంటాడు, అంతే.

రాజీనామా ఎప్పుడు అంటే, క్లాస్ 1 చేతికొచ్చి, పేపర్లు పాసయి, లోన్ శాంక్షన్ అయి, స్కూల్లో సీటు తేదీ ఖరారయినాక. అప్పుడు కూడా ముందు జీతం లేని సెలవు, అదే ఈఓఎల్, ఎంతవరకు ఇస్తారో అడిగి చూడండి, ఇవ్వాలని రూల్ లేదు, అడగడంలో తప్పు లేదు. ఆ సెలవులో ఉండి ఇంకోచోట జీతం తీసుకోకూడదు, కండక్ట్ రూల్స్ ఒప్పుకోవు. చేరినప్పుడు రాసిచ్చిన బాండ్ తీసి చదవండి, ట్రైనింగ్ ఖర్చు వెనక్కి కట్టాల్సిన కాలం ఇంకా మిగిలుందేమో. రాజీనామా చేస్తే చేసిన సర్వీసు పెన్షన్‌కి లెక్కలోకి రాదు, 2004 సెప్టెంబర్ తర్వాత చేరినోళ్ల సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) డబ్బు కూడా మధ్యలో బయటికొస్తే మొత్తం చేతికి రాదు, ఎక్కువ భాగం నెలనెలా పెన్షన్‌లా వచ్చే యాన్యుటీకి పోతుంది, కాబట్టి దాంతో టైప్ రేటింగ్ కట్టేద్దాం అనే లెక్క పెట్టుకోవద్దు. వయసు సంగతికొస్తే, ఏపీలో ప్రభుత్వ రిటైర్మెంట్ 62, ఎయిర్‌లైన్ పైలట్‌కి 65. ముప్పైలో మొదలుపెట్టినా కాలం సరిపోతుంది, నలభైలో మొదలుపెడితే లోన్ తీరేలోపు జుట్టు నెరుస్తుంది.

ఇక రెండోవైపు, సీపీఎల్ ఉండి పోలీస్ వైపు చూసేవాళ్లకి. మీకు తలుపు తొందరగా మూసుకుంటుంది. ఎస్ఐకి ఓసీలకి వయసు పరిమితి 27, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి ఐదేళ్ల సడలింపు. నోటిఫికేషన్ చూస్తే 2018లో ఒకటి, తర్వాత 2022లో, మధ్యలో నాలుగేళ్లు. రెండేళ్లు వయసు పెంచుతారేమో అని ఆశ పెట్టుకోవచ్చు, ప్లాన్ పెట్టుకోకూడదు. మగవాళ్లకి ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ముందు గోడకి నిలబడి కొలుచుకోండి. పరుగు 1600 మీటర్లు, దానికి అలిపిరి మెట్లు ఎక్కితే సరిపోతుందనుకునే వాళ్లున్నారు, 3550 మెట్లు పుణ్యానికి మంచిది, టైమింగ్‌కి మాత్రం పొద్దున్నే గ్రౌండ్‌లో గడియారం పెట్టుకుని పరిగెత్తాల్సిందే. అర్థమెటిక్, రీజనింగ్ మీకు తేలికే, ఏపీ చరిత్ర, పాలిటీ దగ్గర కూర్చోవాలి, మెయిన్స్‌లో తెలుగు పేపర్ క్వాలిఫై కావాలి, చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినోళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పైలట్ లోన్ ఇంకా నడుస్తా ఉంటే ఎస్ఐ జీతంతో తీరదని పైనే లెక్క చూశారు, కాబట్టి చేరకముందే బ్యాంకుకి పోయి కాలం పెంచి కంతు తగ్గించే మాట మాట్లాడండి. సెలక్ట్ అయితే ట్రైనింగ్‌లోకి పోయే ముందే క్లాస్ 1 రెన్యువల్ చేయించి పెట్టుకోండి, లోపలికి పోయినాక బెంగళూరు పోయేదానికి ఎవరూ లీవ్ ఇవ్వరు. లాగ్‌బుక్, లైసెన్స్, రేడియో లైసెన్స్ స్కాన్ చేసి ఒరిజినల్స్ ఇంట్లో బీరువాలో పెట్టండి, హాస్టల్ ట్రంకు పెట్టెలో కాదు.