ర్యాంకు తర్వాత చూసుకో, ముందు ఫౌండేషన్ కోర్సులు లెక్కపెట్టు

అమెరికాలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కు అడ్మిట్ వచ్చి ఎటు పోవాల్నో తేల్చుకోలేనోళ్లకు, విమానం దిగి రెండు వారాలైనోళ్లకు, ఇద్దరికీ ఇది. సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు, రూము సంగతులు రూమ్మేట్లే చెప్తరు. ఎవ్వరూ చెప్పనిది ఒకటుంది.

అడ్మిట్ లెటర్ మళ్లా తెరువు తమ్మీ. మొదటి పేరాలో అభినందనలు ఉంటయ్, అది దాటి కిందికి పో. ‘కండిషనల్’ అనో, ‘ఈ కింది కోర్సులు పూర్తి చేయాలి’ అనో ఒక లైన్ కనబడితే అక్కడ ఆగు. బీటెక్‌లో ఈసీఈ, మెకానికల్, సివిల్ చదివి కంప్యూటర్స్‌కు మారేటోళ్లకు చాలా డిపార్ట్‌మెంట్లు ఫౌండేషన్ కోర్సులు పెడ్తయ్: డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, డిస్క్రీట్ మ్యాథ్స్. కొన్నిచోట్ల సీఎస్ఈ వాళ్లకు కూడా ఒకటో రెండో తగుల్తయ్. మామూలుగా ఇవి డిగ్రీ లెక్కలోకి రావు, పైసలు మాత్రం కట్టాలె.

పెన్ను తీసుకుని లెక్క వెయ్యి. చాలా ఎంఎస్ ప్రోగ్రాములు 30 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల సబ్జెక్టులు 10. సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు తీసుకుంటే నాలుగు సెమిస్టర్లలో 36 దాకా నిండుతయ్. అంటే రెండు ఫౌండేషన్లు పడ్డా రెండేళ్లలో బయటపడొచ్చు. నాలుగు పడితే మొత్తం 42. మిగిలిన 6 క్రెడిట్లకు ఎండాకాలం క్లాసులన్నా దొరకాలె, లేకపోతే ఐదో సెమిస్టర్ చదవాలె. క్రెడిట్ 900 డాలర్లు అనుకుంటే ఆ నాలుగు సబ్జెక్టులకే 10,800 డాలర్లు. ఇంటి కిరాయి, ఇన్సూరెన్స్ వేరే. ఊర్ల బాపు కుదువపెట్టిన జాగ మీద మిత్తి ఇంకో ఆర్నెల్లు నడుస్తది. ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద ప్రోగ్రాం ముగింపు తేదీ లోపల అయిపోకపోతే, ఆ తేదీకి ముందే పొడిగింపు అడగాలె, బ్యాంకు కాగితాలు మళ్లా చూపాలె.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫౌండేషన్ సబ్జెక్టు పాసైతేనే దాని మీది కోర్ సబ్జెక్టుకు (డిగ్రీకి తప్పనిసరిది) రిజిస్ట్రేషన్ తెరుచుకుంటది. ఆ కోర్ ఏడాదికి ఒక్కసారి, జనవరి సెమిస్టర్‌లోనే నడిచేదైతే, ఆగస్టులో చదవాల్సిన డేటా స్ట్రక్చర్స్ జనవరికి వాయిదా వేసినోనికి దాని మీది అడ్వాన్స్‌డ్ ఆల్గరిథమ్స్ ఆ పై ఏడాది జనవరికే. సీట్లు నిండక ముందే ఫౌండేషన్లు మొదటి సెమిస్టర్‌లో పట్టుకో.

తప్పించుకునే తొవ్వ ఉంది: వేవర్. బీటెక్‌లో ఆ సబ్జెక్టు చదివినట్టు చూపిస్తే మాఫీ చేస్తరు, కొన్ని డిపార్ట్‌మెంట్లు పరీక్ష పెడ్తయ్. ట్రాన్స్‌క్రిప్ట్‌లో సబ్జెక్టు పేరు, మార్కులే ఉంటయ్ కాబట్టి అది ఒక్కటే సరిపోదు. యూనిట్ల వారీగా సిలబస్ కావాలె, టెక్స్ట్‌బుక్కుల పేర్లతో సహా, కాలేజీ ముద్రతో. కాకతీయ యూనివర్సిటీ కిందోళ్లైనా, జేఎన్‌టీయూ కిందోళ్లైనా బయలుదేరక ముందే తెచ్చుకోండి. ఇక్కడికి వచ్చినంక గుర్తొస్తే బాపు పని వదులుకుని కాలేజీ చుట్టూ తిరగాలె. ఆయనకు ఏ సెమిస్టర్ సిలబస్ అడగాల్నో కూడా తెల్వదు.

యూనివర్సిటీ ఇంకా ఖాయం చేసుకోనోళ్లు గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టండి. నాకు ఎన్ని ఫౌండేషన్లు పడ్తయ్? వేవర్‌కు గడువు ఎప్పుడు? కోర్ సబ్జెక్టులు ఏ సెమిస్టర్లలో నడుస్తయ్? జవాబు రాతలో ఉండాలె. కన్సల్టెన్సీ ఆయన ‘అవన్నీ పోయినంక చూసుకోవచ్చు’ అంటే వినకు. చేర్పిస్తే వాళ్లలో చాలామందికి యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తది. ఫీజు కట్టేది నువ్వు.

మిగతావి చిన్నగా చెప్తా. ఐ-20 మొదటి పేజీలో మేజర్ పక్కన కోడ్ చూడు. కంప్యూటర్ సైన్స్ అయితే 11.0701. 11తో మొదలైతే మంచిదే. 52తో మొదలైతే అది బిజినెస్ వైపు కోర్సు. వాటిలో కొన్ని మాత్రమే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉన్నయ్. లిస్టులో లేకపోతే 12 నెలల ఓపీటీ (చదువు అయినంక ఉద్యోగం చేసేటందుకు ఇచ్చే అనుమతి) తర్వాత 24 నెలల పొడిగింపు రాదు. అదే పేజీలో ఖర్చుల అంకెల మీద ఎన్ని నెలలకో రాసి ఉంటది. 9 అని ఉంటే మూడు నెలల కిరాయి, తిండి అందులో లేవు.

అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్ కాలేజ్ నావిగేటర్‌లో యూనివర్సిటీ పేరు కొట్టు. పబ్లిక్ అనో, నాట్ ఫర్ ప్రాఫిట్ అనో ఉండాలె. ఫర్ ప్రాఫిట్ కాలేజీ మాస్టర్స్‌తో హెచ్-1బీ ఉద్యోగ వీసాలోని 20,000 మాస్టర్స్ కోటా దొరకదు. కాలేజీకి అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు గుర్తింపు) ఇచ్చిన సంస్థను కూడా చూడు: ఏసీఐసీఎస్ అనే సంస్థకు 2022 ఆగస్టులో విద్యాశాఖ గుర్తింపు తీసేసింది.

మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం చేసుకోవచ్చని పిలిచే కాలేజీకి మారొద్దు, ఎంత చవకైనా. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ పోతది. 2011లో ట్రై వ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ, 2019లో వల పన్నేటందుకు అధికారులే పెట్టిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారాల్లో ఎక్కువ దెబ్బతిన్నది మన తెలుగు పిల్లలే. ఇంత జరిగినంక కూడా ‘అన్నా, ఫీజు తక్కువ’ అంటే నాకు కోపమొస్తది.

ఇప్పటికే చేరిపోయి, ఫౌండేషన్లు మూడో నాలుగో పడ్డోళ్లు హైరానా పడకండి. ఒక్క వేవర్ వచ్చినా మూడు క్రెడిట్లు తగ్గుతయ్. రెండు వస్తే నాలుగు సెమిస్టర్ల లెక్కలోకి మళ్లా వచ్చినట్టే. ఆఖరి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టే మిగిలితే ఇంటర్నేషనల్ ఆఫీసుకు ముందే చెప్పి అదొక్కటే తీసుకోవచ్చు. కాకపోతే అది ఆన్‌లైన్ కాకూడదు, క్లాసుకు పోవాలె.